ఒక్క చెవికే మోగే రింగుటోను

నా కూతురి ఫోనులో ఆ రింగుటోనును నేనే స్వయంగా తయారుచేసి, నేనే స్వయంగా అమర్చాను. ఈ వృత్తాంతాన్ని మరొక విధంగా ప్రారంభిస్తే అది నిజాయితీ అనిపించుకోదు.

అది మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం. పెదవాల్తేరులోని మా ఇంటి ముందుగదిలో హైమ కుర్చీలో నిటారుగా కూర్చొని ఉంది. ఆమె కుడిచెవిలో నేను ఒక సాధనాన్ని అమర్చాను. చూడటానికి మామూలు ఇయర్‌ఫోను వలెనే ఉంటుంది. లోపల ఒక చిన్న స్పీకరు, దాని పక్కన అంతకంటే చిన్న మైకు ఉంటాయి.

"కదలకు. ఉమ్మి కూడా మింగకు," అన్నాను.

"నాన్నగారూ, నేను పిల్లల డాక్టర్ని. రోజుకు నలభైమందికి ఈ మాట చెప్పేది నేను."

"అయితే నీకు సులభంగా బోధపడాలి. మాట్లాడకు."

స్పీకరు ఆమె చెవిలోకి టిక్కుటిక్కుమని శబ్దాలు పంపసాగింది. ఎదురుగా బల్లమీది కంప్యూటరు తెరపై ఒక గీత కొండలవరుసలాగా లేచి నిలిచింది. మనిషి చెవి వినటమే కాదు, తాను కూడా పలుకుతుంది. లోపలికి ఒక శబ్దాన్ని పంపితే, కన్ను మూసి తెరిచేలోపల అతి సన్నని జవాబు బయటికి వస్తుంది. ఏ ఇద్దరి చెవులూ ఒకే విధంగా జవాబు చెప్పవు. ముప్పైనాలుగేళ్ళు విశ్వవిద్యాలయంలో ధ్వనిశాస్త్రం బోధించిన నేను ఆ జవాబుకు 'చెవిముద్ర' అని పేరు పెట్టాను.

"ఈ శిఖరం చూశావా? ఈ స్థాయిలో, అంటే ఇంత సన్నని శ్రుతిలో, నీ చెవి గుసగుసను కూడా కేకగా మార్చుకుంటుంది. నీ ఫోను ఇక మీదట ఈ స్థాయిలోనే గుసగుసలాడుతుంది. పక్కవారికి అది వినిపించదు. నీకు మాత్రం గంట కొట్టినట్టుంటుంది."

రెండు సెకండ్ల ఆ ధ్వనిని ఫైలుగా చేసి, ఆమె ఫోనులోకి పంపి, సెట్టింగులలో రింగుటోనుగా ఎంపిక చేశాను. తరువాత నా ఫోను నుంచి ఆమె నంబరు నొక్కాను.

హైమ ఉలిక్కిపడి లేచి నిలబడింది. అదే సమయానికి కాఫీ గ్లాసులతో వచ్చిన నా భార్య కామేశ్వరి ఆగిపోయింది.

"ఏమయిందే? చీమ కుట్టిందా?"

"మోగింది అమ్మా! ఎంత స్పష్టంగా మోగిందో!"

"ఏదీ? నాకేం వినపడలేదే."

"నీకు వినపడకూడదనే కదా ఇంత శ్రమా," అన్నాను.

"బాగుంది. ఇప్పటిదాకా ఈ ఇంట్లో మీకొక్కరికే దెయ్యాలు ఫోన్లు చేసేవి. ఇప్పుడు దీనికి కూడానా?"

హైమ పనిచేసే ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల వార్డు ఒకటి ఉంది. అక్కడ ఫోను మోగటం నిషిద్ధం. మోగకుండా పెట్టుకుంటే అత్యవసరమైన పిలుపు తెలియదు. ఒకసారి అలాగే పిలుపు అందక, పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళవలసి వచ్చి, ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆమె భర్త సరుకుల ఓడలో ఇంజినీరు. ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదనే ఉంటాడు. అందువల్ల ఆమె మా దగ్గరే ఉంటున్నది. కన్నకూతురి కష్టాన్ని నా శాస్త్రంతో తీర్చగలిగానన్న గర్వం ఆ ఉదయం నాకు కలిగిన మాట వాస్తవం.

ఆ రింగుటోనుకు 'ఏకశ్రవణం' అని నామకరణం చేసినదీ నేనే. దానిని ప్రజలకు అందించటానికి సిద్ధమవుతున్న సంస్థ పేరు నాదముద్ర. రుషికొండ వైపు ఒక మూడంతస్తుల భవనంలో ఉండేది. దాని అధిపతి బొడ్డేపల్లి తేజోవతి ఒకప్పుడు నా విద్యార్థిని. టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చి, నా తరగతిలో మొదటి బెంచీలో కూర్చొని, నా ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న వేసిన అమ్మాయి. నన్ను గౌరవ సలహాదారుగా పిలుచుకొని, మా ఇద్దరికీ నచ్చేటట్టు నాలుగేళ్ళు పోట్లాడుతూ పనిచేసింది.

మా పోట్లాటల్లో ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు.

"మాస్టారూ, శబ్దం స్థాయి రోజుకొకటి మారుద్దామండి," అన్నదామె ఒకనాడు ప్రయోగశాలలో. "ఒకేచోట రోజూ కొడతా ఉంటే గోడకైనా బీటలేస్తాది. ఇది చెవి."

"తేజోవతీ, మనిషికి పేరు ఒకటే ఉంటుంది. సోమవారం ఒక పేరుతో, మంగళవారం మరొక పేరుతో పిలిస్తే ఎవరు పలుకుతారు? చెవికి కూడా అంతే. దాని శిఖరం ఒకటే."

"అది సరేనండి, గానీ..."

"గానీ ఏమిటి? నాలుగువందల రోజులుగా నా చెవిలో మోగుతున్నది. రోజుకు ఇరవైసార్లు. నాకేమయింది?"

ఆమె నా చేతిలోని నోటుపుస్తకం వైపు చూసి ఊరుకున్నది. దానిలో ప్రతి మోతనూ గంట, నిమిషాలతో సహా నేను నమోదు చేసేవాణ్ణి. నా ఫోను బల్లమీద ఎదురుగా ఉండేది. పిలుపు వచ్చిన క్షణాన దానిపై ఒక చిన్న ఆకుపచ్చ దీపం వెలిగేటట్టు, రికార్డు సరిచూసుకోవటానికి, ఏర్పాటు చేసుకున్నాను. దీపం వెలగటం, మోత వినిపించటం ఒక్కసారే జరిగేవి. అలా జరిగేవని నేను నిస్సంకోచంగా నమ్మాను.

చైత్రంలో రెండువందలమంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వాళ్ళ ఫోన్లలో ఏకశ్రవణాన్ని అమర్చాము. శ్రావణమాసంలో నలభైవేల ఫోన్లకు ఒకే రోజున పంపించాలని సంస్థ నిర్ణయించింది.

ఇంటి దగ్గర జీవితం యథాతథంగా సాగింది. ఒకనాడు కామేశ్వరి వంటింటిలోనుంచి వచ్చి, నా కుర్చీ ముందు నిలబడి, "ఏమండీ, కుక్కరు మూడు కూతలు వేస్తే స్టవ్వు కట్టేయమని చెప్పి పెరట్లోకి వెళ్ళానా లేదా? ఆరు వేసింది. పప్పు అడుగంటింది," అన్నది.

"నేను ఆలోచనలో ఉన్నాను."

"ఆ ఆలోచన ఏదో కుక్కరు పక్కన కూర్చుని చేయండి ఇకమీదట."

ఆలోచనలో ఉన్న మనిషికి కుక్కరు కూతలు వినిపించకపోవటం సహజమేనని ఆమెకు వివరించాను. ఆమె నా ముఖంలోకి చూసి వెళ్ళిపోయింది.

ఆషాఢంలో వానలు మొదలైనప్పటి నుంచి హైమలో ఒక మార్పు కనిపించసాగింది. భోజనం మధ్యలో ఎడమచేత్తో ఫోను అందుకొని చూసేది. మళ్ళీ బోర్లా పెట్టేది. "ఎవరే?" అని వాళ్ళమ్మ అడిగితే "ఎవరూ లేరు" అనేది. కొన్నాళ్ళకు ఫోనును చూడటం మానివేసింది. అది మరింత విచిత్రంగా ఉండేది. ఎవరో పిలుస్తున్నట్టు తల కొంచెం తిప్పేది, వెంటనే పళ్ళు బిగించి తినటంలో మునిగిపోయేది. అలసట అనుకున్నాను. వానాకాలంలో పిల్లల డాక్టర్లకు పని ఎక్కువ.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. స్టెతస్కోపును చుట్టచుట్టి టీపాయిమీద పెట్టి నా ఎదుట కూర్చుంది. కామేశ్వరి కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నాన్నగారూ, నాకు ఫోను మోగకపోయినా మోగుతోంది."

"ఈ రోజుల్లో అందరికీ ఆ భ్రమ ఉన్నదమ్మా."

"నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. రెండు నెలలయింది. మొదట రోజుకు ఒకటి రెండుసార్లు. ఇప్పుడు ఆగటమే లేదు. ఫోను కట్టేసినా అదే, నీళ్ళు పోసుకుంటున్నా అదే." ఆమె స్టెతస్కోపును తన ముందుకు లాక్కున్నది. "పోయిన నెల ఒక పిల్లాడి ఛాతీలో పిల్లికూతలు విన్నాను. మూడు రోజులు వార్డులో పెట్టి మందులు వాడాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, వాడు మంచాలెక్కి గెంతుతున్నాడు. అప్పుడు తెలిసింది, ఆ కూత వాడి ఊపిరితిత్తుల్లోది కాదు, నా చెవిలోది. రెండూ ఇంచుమించు ఒకే స్థాయి. ఇక ఆ శబ్దం వినిపిస్తే లెక్కచేయకూడదని నాకు నేను నేర్పుకున్నాను."

"అది సమంజసమైన పద్ధతే కదా."

"మొన్న జాలారిపేట నుంచి మోక్షిత అని మూడేళ్ళ పాపను తీసుకొచ్చారు. దగ్గు. ఛాతీమీద స్టెతస్కోపు పెట్టాను. సన్నగా కూత వినిపించింది. నా చెవిలోదే అనుకున్నాను. దగ్గుమందు రాసిచ్చి పంపించేశాను. సాయంత్రానికి మళ్ళీ తీసుకొచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. వాళ్ళ నాయనమ్మ ఆ పిల్లను నా చేతుల్లో పెట్టి, 'పొద్దున్న బాగుందన్నారు కదమ్మా' అంది. తిట్టలేదు నాన్నగారూ. తిట్టి ఉంటే బాగుండేది."

"పాప...?" అన్నది కామేశ్వరి.

"బతికింది. ఆటోవాడు వేగంగా తోలాడు కాబట్టి బతికింది. నావల్ల కాదు."

తరువాత నేను పలికిన మాటలు ఇవి. వాటిని మార్చి రాయటం నాకు సాధ్యమే కాని, రాయను.

"నీ బాధ నాకు అర్థమయింది. కాని దీనిని ఏకశ్రవణానికి అంటగట్టటం శాస్త్రీయం కాదు. నేను ఆరువందల రోజులుగా దానిని వింటున్నాను. నా చెవి ప్రశాంతంగా ఉన్నది."

హైమ లేచింది. అలమరలోనుంచి నా పెట్టెను తెచ్చి, ఆ ఇయర్‌ఫోనును తనే చెవిలో పెట్టుకున్నది. తన ఫోనును కట్టివేసి, వాళ్ళమ్మ చేతికిచ్చి పైమేడకు పంపించింది. "స్పీకరు తీసేయండి. మైకు ఒక్కటే ఉంచండి. ఏ శబ్దమూ లోపలికి పంపకండి," అన్నది.

అలాగే చేశాను. తెరమీద గీత నేలబారుగా ఉండవలసింది. లేదు. సరిగ్గా ఆమె శిఖరం ఉన్నచోట ఒక సన్నని గీత సూదిలాగా నిలబడి ఉన్నది. ఎవరూ పిలవకుండానే ఆమె చెవి పలుకుతున్నది. ఆరునెలలపాటు ఒకే గుసగుసను కేకగా మార్చి మార్చి, ఇక గుసగుస అవసరం లేకుండానే కేక వేయటం అలవాటు చేసుకున్నది.

"ఇప్పుడు మీది," అన్నది హైమ.

"నా చెవిని పరీక్షించవలసిన అవసరం లేదు."

"ఆరువందల రోజులు విన్నారు కదా. మీ చెవి ఎందుకు మోగటం లేదో నాకు తెలియాలి. అందులోనే మందు ఉందేమో."

మేడ దిగి వచ్చిన కామేశ్వరి, "పెట్టించుకోండి. ఏం, భయమా?" అన్నది.

పెట్టించుకున్నాను. ఈసారి స్పీకరును కూడా తగిలించి, హైమ టిక్కుటిక్కు శబ్దాలు పంపింది. తెరమీద కొండలు లేవలేదు. చిన్న దిబ్బ కూడా లేవలేదు. కొంతసేపటికి తెరమీద అక్షరాలు వచ్చాయి: 'చెవినుండి స్పందన లేదు. మళ్ళీ ప్రయత్నించండి.' ఎడమచెవికి మార్చింది. అవే అక్షరాలు.

ఆ అక్షరాలను నేను చూడటం అది మొదటిసారి కాదు. ఇరవై నెలల క్రితం, నా సొంత రింగుటోను తయారుచేసుకుంటున్నప్పుడు, ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చొని, ఏడుసార్లు చూశాను. ఏడవసారి తరువాత నోటుపుస్తకంలో 'యంత్రలోపం' అని రాశాను.

"మీ చెవి జవాబే చెప్పకపోతే," హైమ నెమ్మదిగా అడిగింది, "మీ రింగుటోను దేనితో తయారుచేశారు?"

"నా పాత రికార్డుతో."

"ఎప్పటిది?"

"నా నలభైమూడవ ఏట తీసుకున్నది. మంచి రికార్డు. చాలా స్పష్టమైనది."

"అంటే ఇరవైతొమ్మిదేళ్ళ కిందటి చెవికి."

"అవును."

"మరి మోగినట్టు మీకెలా తెలిసేది?"

ఆకుపచ్చ దీపం సంగతి చెప్పాను. దీపం వెలిగినప్పుడు నాకు మోత వినిపించేదని కూడా చెప్పాను. అది అబద్ధం కాదు. నాకు నిజంగానే వినిపించేది. మనస్సు తన యజమాని పరువు కాపాడటానికి ఎంత శబ్దాన్నైనా సృష్టించగలదు.

కామేశ్వరి నా పక్కకు కాదు, ఎదురుగా వచ్చి నిలబడింది. "పదేళ్ళుగా నేను ఏ పని మీద ఉన్నా వదిలేసి మీ ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడుతున్నాను. ఎందుకనుకున్నారు?"

"మర్యాద అనుకున్నాను," అన్నాను.

ఆమె నవ్వలేదు.

నలభైవేల ఫోన్లకు పంపవలసిన రోజు అప్పటికి పదకొండు రోజుల దూరంలో ఉన్నది. మర్నాడు ఉదయం నాదముద్ర సంస్థకు ఒక లేఖ రాశాను. రెండుసార్లు చింపి మూడవసారి రాశాను. 'పరీక్షితుని వయోసహజమైన కొన్ని పరిమితుల దృష్ట్యా, పూర్వ ఫలితాలను పునఃపరిశీలించటం వాంఛనీయమని భావిస్తున్నాను' అన్నది దానిలోని ముఖ్యవాక్యం. కామేశ్వరి దానిని నా భుజం మీదుగా చదివి, నా ఎదుటికి వచ్చింది.

"పరీక్షితుడెవరు?"

"నేనే."

"మరి నేను అని రాయొచ్చుగా. చెవుడు అని రాయొచ్చుగా. రెండక్షరాలు తక్కువే పడతాయి."

"అధికారిక లేఖకు ఒక మర్యాద ఉంటుంది, కామేశ్వరీ."

"ఆ పిల్ల పెదవులు నీలంగా మారినప్పుడు ఎవరూ మర్యాదగా రాసుకోలేదు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

లేఖను అలాగే పంపాను. మూడు రోజులకు తేజోవతి నన్ను రమ్మని కబురు చేసింది. ఆమె గదిలో నా లేఖ బల్లమీద ఉన్నది. దాని పక్కన నా నోటుపుస్తకాల నకళ్ళు ఉన్నాయి.

"మాస్టారూ, ఇది చదివి బోర్డువాళ్ళు మీకు కోపమొచ్చిందనుకుంటున్నారు. వయసు పరిమితులంటే ఏటండి? మోకాళ్ళ నొప్పులా?"

"హైమకు..." అని మొదలుపెట్టి, జరిగినది చెప్పాను. హైమ గురించి అంతా చెప్పాను. నా గురించి చెప్పవలసిన చోటికి వచ్చి ఆగాను.

తేజోవతి ముఖం పాలిపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ నాకు అభిముఖంగా తిరిగింది. ఆమె కూడా ఎదురుగా నిలబడే మాట్లాడుతుందని ఆ క్షణంలోనే గమనించాను. ఎప్పటినుంచో!

"రెండువందలమందిలో పంతొమ్మిదిమంది ఇదే చెప్పారండి. మోగకుండానే మోగినట్టుందన్నారు. మేమేం చేశామో తెలుసా? మీ రికార్డు పక్కనెట్టుకున్నాం. నాలుగునెలలకే వీళ్ళకుంటే, ఆరువందల రోజులకు మాస్టారికి ఉండాలి కదా, లేదంటే ఇది భ్రమే అని రాసేశాం. నేనే సంతకం పెట్టాను."

"ఆపివేయి."

"హైమగారి ఒక్కరి మాటమీద ఆపరు. సోమవారానికి అన్నీ సిద్ధం. మీ రికార్డు మీదే బోర్డు ఒప్పుకుంది. అది తప్పని రుజువు చూపించమంటారు. మీ రికార్డులో తప్పేటండి? ఉంటే చెప్పండి. చెప్పలేకపోతే నేనేం చెయ్యలేను."

ముప్పైనాలుగేళ్ళు విద్యార్థుల తప్పులను నల్లబల్ల మీద రాయించి, వాళ్ళ చేతనే దిద్దించినవాణ్ణి. నా నోటుపుస్తకాల నకళ్ళను పక్కకు జరిపాను.

"బోర్డు ముందు నా వినికిడిని పరీక్షించు."

ఆమె నా వైపు చూసింది. అంతా అర్థమయిందని ఆమె కళ్ళు చెప్పాయి. "అందరి ముందా మాస్టారూ? నా గదిలో చేద్దాం. కాగితం మీద ఫలితం చూపిస్తాను."

"కాగితం మీద ఫలితాన్ని ఎలా రాయవచ్చునో నాకు తెలుసును. అందరి ముందే చేయాలి."

శనివారం ఉదయం పదకొండు గంటలకు బోర్డు సమావేశమయింది. పొడవాటి బల్లకు ఆ వైపున ఐదుగురు సభ్యులు కూర్చున్నారు. హైమ గోడవారగా ఒక కుర్చీలో కూర్చున్నది. నా చేతికి ఒక మీట ఇచ్చారు. ఎదుట రెండు స్పీకర్లు ఉన్నాయి. శబ్దం అందరికీ వినిపించేంత గట్టిగా, నా పాత రికార్డులోని శిఖరస్థాయిలోనే, వస్తుంది. నాకు వినిపించినప్పుడు మీట నొక్కాలి. ఇంతకంటే సులభమైన పరీక్ష ప్రాథమిక పాఠశాలలో కూడా ఉండదు.

"మొదలుపెడుతున్నానండి," అన్నది తేజోవతి. ఆమె పెదవులు కదలటం స్పష్టంగా కనిపించింది.

కొంతసేపు గదిలో ఏమీ జరగలేదు. తరువాత బల్లకు ఆ చివర కూర్చున్న ఒక పెద్దమనిషి కనుబొమలు కొద్దిగా పైకి లేచాయి. నేను మీట నొక్కాను. తరువాత ఒక మహిళా సభ్యురాలు చెవి దగ్గర చేయి పెట్టుకున్నది. మళ్ళీ నొక్కాను. రెండుసార్లూ నాకు శబ్దం వినిపించింది. ఎంత స్పష్టంగా వినిపించిందంటే, ఇంతటితో లేచి నిలబడి, 'చూశారా, నా రికార్డు సరి అయినదే' అని చెప్పగలిగేటంతటి స్పష్టంగా.

ఆ మాట నా నోటి వరకూ వచ్చింది. హైమ వైపు చూశాను. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. కుడిచెవిని అరచేతితో మూసుకొని, తన లోపలి మోతకూ బయటి మోతకూ మధ్య నలిగిపోతూ, నేలను చూస్తూ కూర్చుని ఉన్నది.

నేను కళ్ళు మూసుకున్నాను.

కనుబొమలు లేవు. చేతులు లేవు. దీపాలు లేవు. చీకటిలో నేను మీటమీద బొటనవేలు ఆనించి, ఎంతో శ్రద్ధగా, విద్యార్థిలాగా వేచి ఉన్నాను. ఏదీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. గదిలోనివాళ్ళంతా నా కోసం ఓపికగా నిశ్శబ్దంగా కూర్చున్నారేమో అనుకున్నాను. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉన్నదో చెప్పలేను. చివరికి ఒక చేయి నా భుజంమీద పడింది.

కళ్ళు తెరిచాను. తేజోవతి నా ఎదుట మోకాళ్ళమీద కూర్చొని ఉన్నది. బోర్డు సభ్యుల్లో ఇద్దరు తలలు వంచుకొని ఉన్నారు. ఒకాయన రెండు చెవులూ వేళ్ళతో మూసుకొని, అప్పుడే తీస్తున్నాడు.

"అయిపోయిందా?" అని అడిగాను.

"ఎప్పుడో అయిపోయిందండి. ముప్పైసార్లు మోగించాను."

"నేను ఎన్నిసార్లు నొక్కాను?"

"రెండుసార్లు మాస్టారూ." ఆమె గొంతు ఎలా ఉన్నదో నాకు తెలియదు, పెదవులు మాత్రం వణికాయి. "కళ్ళు మూసుకోకముందు."

సోమవారం పంపకాన్ని ఆపివేయాలని ఆ బల్లదగ్గరే సంతకాలు జరిగాయి. రెండువందలమందికి తేజోవతి స్వయంగా ఫోను చేసి రింగుటోనును తొలగింపజేయటానికి పక్కగదిలో కూర్చున్నది. ఆ పంతొమ్మిదిమంది సంగతి ఏమవుతుందో, వాళ్ళ చెవులు మళ్ళీ మౌనం నేర్చుకుంటాయో లేదో, ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రాయవలసినవాణ్ణి నేనే, నా పుస్తకం పనికిరానిదని అప్పుడే రుజువయింది.

తిరిగివచ్చేటప్పుడు కారును హైమ నడిపింది. ఆసుపత్రికి ఇవ్వవలసిన రాజీనామా కాగితం తన సంచిలో ఉన్నదని ముందురోజే వాళ్ళమ్మకు చెప్పింది. సాగరనగర్ దాటాక ఆమె రోడ్డుపక్కన కారు ఆపి, ఇంజను కట్టేసింది. సముద్రం కనిపిస్తున్నది. దాని హోరు నాకు ఇంకా వినిపిస్తుంది. లోతైన శబ్దాలు నన్ను విడిచిపోలేదు.

"ఇప్పుడు కూడా వినిపిస్తున్నదా?" అని అడిగాను.

"వినిపిస్తోంది నాన్నగారూ."

"ఎలా ఉంటుందమ్మా అది? నేను ఒక్కసారి కూడా వినలేదు."

ఆమె నా వైపు తిరిగింది. ఆడపిల్లలు ఇంట్లో ఈల వేయకూడదని ఆమెను చిన్నప్పుడు ఎన్నోసార్లు మందలించాను. ఇప్పుడు ఆమె నా ముఖంలోకి చూస్తూ, పెదవులు గుండ్రంగా చుట్టి, ఊపిరి వదిలింది. ఆమె బుగ్గలు కొద్దిగా లోపలికి పోయాయి. మెడమీద నరం కదిలింది. ఆపి, ఊపిరి తీసుకొని, మరొకసారి వేసింది. సరిగ్గా రెండు సెకండ్లు. నేను ఆమె పెదవుల నుంచి దృష్టి మరల్చి, ముందున్న అద్దంలోనుంచి సముద్రం వైపు చూస్తూ విన్నాను.

"తెలిసిందా?" అన్నది నా చేయి పట్టుకొని.

"లేదమ్మా," అన్నాను. "నాకు వినపడలేదు."